ఎర్రెద్దుకు పూసిన ముఖం క్రీము

నా ఉద్యోగంలో నేను పైకి పంపిన మొదటి నివేదిక అబద్ధం. రాసేటప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు. తెలిసేసరికి అది కర్నూలు చేరిపోయింది. ఆ తర్వాత ఒకరోజు, నలభై మంది ఆడవాళ్ళూ ఒక ఎద్దూ చూస్తుండగా, అదే నివేదిక నిజమైంది. ఈ మధ్యలో జరిగిందే ఇప్పుడు చెప్పబోతున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, నెలాఖరుకల్లా పైవాళ్ళకు ఏదో ఒకటి రాసి పంపాల్సిన పిల్లలు ఇది చదివితే నాకు సంతోషం. మిగతావాళ్ళు నవ్వుకోవడానికి చదివినా నాకు అభ్యంతరం లేదు.

అప్పుడు కర్నూలు మనకు రాజధాని. రాజధాని అనగానే మేడలు ఊహించుకోకండి. చాలా ఆఫీసులు గుడారాల్లో ఉండేవి. గాలి లేచిందంటే కాగితాలు ఎగిరిపోకుండా ఒక్కో కట్ట మీద ఒక్కో బండముక్క పెట్టేవారు. అలాంటి బండలు తవ్వి తీసే ఊరికే నన్ను వేశారు. బనగానపల్లెకు దగ్గర్లో, చుట్టూ గనులున్న ఊరు. ఇళ్ళకు గోడలు బండలే, కప్పు బండలే, నేను కూర్చుని అన్నం తినే పీట కూడా బండే. నా గదిలో బండ కానివి నా మంచమూ నేనూ. ఎండాకాలం సాయంత్రం కప్పు చల్లారేదాకా ఆ గదిలో అడుగు పెట్టడానికి ధైర్యం చాలేది కాదు.

నేను గ్రామసేవికను. శిక్షణలో పొగరాని పొయ్యి కట్టడం, పసిబిడ్డకు స్నానం చేయించడం, బట్ట మీద పువ్వులు కుట్టడం నేర్పి పంపారు. మా నాన్న బద్వేలు దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఉద్యోగం తాత్కాలికం. ఏడాది చూసి, పని బాగుంటే ఉంచుతారు, లేకపోతే ఇంటికి పంపుతారు. పంపితే నేను ఎక్కడికి పోవాలో కూడా సిద్ధంగా ఉంది. మా మేనత్త మిషన్ బడిలో పెద్ద టీచరు. ఆమె చేతి కింద చిన్నపిల్లల తరగతి నా కోసమే అట్టిపెట్టానని ప్రతి ఉత్తరంలో రాసేది. ఆమె మంచిదే. కానీ ఆమె ఎదురుగా కూర్చుంటే నాకు జడ వేసుకోవడం కూడా సరిగ్గా రాదనిపించేది. ఈ ఊళ్ళో అయితే నా గది తాళంచెవి నా కొంగుకే ఉండేది. నేను ఎప్పుడు తిన్నానో, ఎక్కడికి పోయానో అడిగేవాళ్ళు లేరు. ఆ బతుకు నాకు ప్రాణమైపోయింది. దాన్ని పోగొట్టుకోకూడదని ఎంత గట్టిగా కోరుకున్నానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

చేరిన మొదటి నెలలోనే కుట్టుపని తరగతి పెట్టాను. శనివారం మధ్యాహ్నం, బడి అరుగు మీద. వచ్చేవాళ్ళంతా గనుల్లో పనిచేసే ఆడవాళ్ళు. మగవాళ్ళు గడ్డపారలతో బండను పొరలు పొరలుగా లేపితే, వాటిని పైకి మోసేదీ బండికెత్తేదీ వీళ్ళు. అందరి ఇళ్ళలోనూ ఒక బండి, ఒక జత ఎద్దులు. నేను శిక్షణ నుంచి తెచ్చుకున్న ఎర్ర పట్టుదారం వాళ్ళ చేతుల్లో పెట్టాను. పువ్వులో ఒక్క రేకు కుట్టేసరికి దారం పీచుపీచయిపోయింది. చలికాలం కావడంతో వాళ్ళ అరచేతుల నిండా పగుళ్ళు. ఆ పగుళ్ళలో దారం చిక్కుకుని తెగుతోంది. ముందు వరసలో ఉన్న ఒకామె తన చేతిని వెనక్కి లాక్కుని నవ్వింది. ఆమె పేరు రాయను. వాళ్ళింట్లో ఒక ఎర్రెద్దు ఉండేది కాబట్టి ఎర్రెద్దు అక్క అనుకుందాం.

“ఈ చేతులకు గడ్డపార ఇయ్యమ్మా, పట్టుకుంటాయి. దారం యాడ పట్టుకుంటాయి,” అంది.

ఆ సాయంత్రమే కర్నూలుకు ఉత్తరం రాశాను, ఇక్కడి ఆడవాళ్ళ చేతుల పగుళ్ళకు ఏదైనా మందు పంపమని. మూడు వారాలకు జవాబు వచ్చింది. మందు రాలేదు, ఒక పథకం వచ్చింది. గ్రామీణ స్త్రీలకు ముఖ సౌందర్య లేపనం. ఆముదంతో చేసేది. చేతులన్న మాట అందులో ఎక్కడా లేదు. ఒకటికి రెండుసార్లు చదివాను. ఆ తర్వాత జరిగింది మీరు కాస్త గమనించండి. నేను కూడా చేతుల సంగతి మరిచిపోయాను. పైనుంచి ముఖం అని వచ్చింది కాబట్టి నా కళ్ళు కూడా ముఖాల మీదికే పోయాయి.

పథకం వెంట ఒక మనిషి వచ్చాడు. ఆదోని వైపు ఆయన, లేబరేటరీలో పని. చొక్కా జేబులో కలం బదులు గాజుకడ్డీ ఉండేది. మేము ఆయన్ని రసాయనం సారు అనేవాళ్ళం. వచ్చీ రాగానే నా ముందు ఒక కాగితం పొట్లం విప్పాడు. లోపల తెల్లటి పెచ్చులు, తురిమిన ఎండుకొబ్బరిలాగా.

“ఇదేమి చెప్పమ్మా చూద్దాం,” అన్నాడు.

“మైనమా సార్?”

“మైనమే. కానీ తేనెపట్టుది కాదు. ఇది కూడా ఆముదమే. ఫ్యాక్టరీలో ఆముదాన్ని గట్టిపరిస్తే ఇట్ల అయితాది. దుడ్లు పోసి బొంబాయి నుంచి తెప్పించినాం. తేనెపట్టు మైనం మీ ఎండకు మెత్తబడి కూచుంటాది. ఇది కదలదు. నూనే ఆముదమే, మైనమూ ఆముదమే. ఒక ఇంటి మనుషులు, కొట్లాడుకోకుండా కలుస్తాయి.”

చేసే పద్ధతి తేలికే. ఆముదం వేడి చేయాలి, పొగ రానీయకూడదు. అందులో మైనం పెచ్చులు వేసి పూర్తిగా కరిగాక దించి, చల్లారి చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలి. మధ్యలో చేయి ఆపితే గడ్డలు కడుతుంది. ఇంత తేలిక పనిని కూడా మొదటిసారి నేను చెడగొట్టాను. గానుగ ఆముదం తెప్పించి వాడమని ఆయన చెప్పి వెళితే, ఊళ్ళో ఇంటింటా వండిన ఆముదం ఉండగా ఎక్కడినుంచో తేవడం ఎందుకని అదే పోశాను. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి తీస్తారు దాన్ని. నల్లగా ఉంటుంది, మాడు వాసన. మైనం కలిసి చిక్కబడ్డాక చూస్తే బండి ఇరుసుకు పెట్టే కందెనకూ దానికీ తేడా లేదు. నిజంగానే బండివాళ్ళకు ఇచ్చేశాను, ఇరుసులకు పెట్టుకున్నారు. ఆ సంగతి రసాయనం సారుకు ఆయన రిటైరయ్యేదాకా చెప్పలేదు.

రెండోసారి బుద్ధిగా గానుగ ఆముదమే తెప్పించి, బట్టలో వడగట్టి చేశాను. ఈసారి లేత పసుపు రంగులో, వెన్నలాగా వచ్చింది. బనగానపల్లెలో అత్తర్లు అమ్మే సాయిబు దగ్గర గులాబీ అత్తరు కొని నాలుగు చుక్కలు వేశాను. నలభై చిన్న రేకు డబ్బాల్లోకి ఎత్తాను. ఆ నలభై డబ్బాలను వరసగా పేర్చి చూసుకుంటుంటే నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

శనివారం నలభై మందికీ తలా ఒక డబ్బా ఇచ్చాను. రోజూ సాయంత్రం ముఖం కడుక్కుని పలచగా పూసుకోవాలని చేసి చూపించాను. మా నాన్న ప్రసంగం కూడా ఎవరూ అంత శ్రద్ధగా విని ఉండరు. ఇరవై రోజులు తిరగకుండానే డబ్బాలు ఖాళీ అయ్యాయి. మళ్ళీ కావాలని ఇంటి ముందుకొచ్చి నిలబడ్డారు.

“పనిచేస్తోందా అక్కా?” అని అడిగాను ఎర్రెద్దు అక్కను.

“శానా బాగ పనిచేస్తాండాదమ్మా. ఇంత మంచి మందు మేము యాడా చూల్యా,” అంది.

వాళ్ళ ముఖాలు ఎప్పటిలాగే ఎండకు కమిలిపోయి ఉన్నాయి. నిదానంగా తేటపడతాయిలే అనుకున్నాను. ఇంకో విచిత్రం, దారిన బండ్లు పోతుంటే గులాబీ అత్తరు వాసన వచ్చేది. బండిలో ఆడవాళ్ళెవరో పోతున్నారు కాబోలు అనుకునేదాన్ని. బండిలో బండలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ముఖాలు చూడమన్నారు, చూశాను. ఎద్దుల మెడలు చూడాలని శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

అలా మూడు నెలలు గడిచాక నివేదిక రాశాను. నలభై మంది స్త్రీలు ప్రతిదినమూ లేపనమును వాడుచున్నారు, అని. మా బ్లాకు అధికారిది రాజంపేట. మంచి మనిషే గానీ ప్రగతి అన్న మాట లేకుండా ఒక వాక్యం పూర్తి చేయలేడు. భోజనం బాగుంటే వంటలో ప్రగతి కనిపిస్తాంది అనేవాడు. ఆయన నా వాక్యం కింద, ముఖవర్చస్సులో గణనీయమైన ప్రగతి కలదు, అని చేర్చి సంతకం పెట్టి పంపాడు. ఆ ప్రగతి ఎంత గణనీయంగా ఉందో చూడటానికి కర్నూలు నుంచి ఇన్స్పెక్టరమ్మ స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. ఆమె చూసి సరే అంటే పథకమూ ఉంటుంది, నేనూ ఉంటాను. కాదంటే మేనత్త బడి.

ఆమె రావడానికి రెండు రోజుల ముందు, సాయంత్రం ఎండ తగ్గాక, ఇల్లిల్లూ తిరిగి చెప్పి వద్దామని బయల్దేరాను. మొదట ఎర్రెద్దు అక్క ఇంటికే పోయాను. ఆమె వాకిట్లో ఉంది. ఎడమ చేత్తో ఎర్రెద్దు కొమ్ము పట్టుకుని, కుడి చేత్తో దాని మెడకు ఏదో రుద్దుతోంది. ఎద్దు కళ్ళు సగం మూసుకుని హాయిగా నిలబడి ఉంది. గులాబీ వాసన గుప్పుమంటోంది. అరుగు మీద నా రేకు డబ్బా మూత తీసి ఉంది.

“అక్కా, ఏం చేస్తున్నావు?”

“ఎర్రోనికి మందు పూస్తాండా. రామ్మా, కూచో.”

దాచాలన్న ఆలోచన కూడా ఆమెకు లేదు.

“అది నీ ముఖానికి కదా ఇచ్చింది?”

“మొగానికి పూసుకోని బండలకాడికి పోతే ఊరుకుంటారా? ఎవురికోసరం నిగనిగలాడతాండావు అని మా అత్త అడుగుతాది. మొగోళ్ళు ఇంగోటి అడుగుతారు. ఎద్దు నిగనిగలాడితే ఎవురూ ఏమీ అడగరు. ఈడ జూడు, కాడి ఒరుసుకోని ఇంత పుండు ఉండె. ఎంత బాగ మానిపాయనో.”

“మరి మిగతావాళ్ళు?”

“అందరూ అంతే. ఎండాకాలం బండ్లు తోలాలంటే ఎద్దుల మెడలు బాగుండాల కదా. దేవుడు నిన్ను సల్లగా చూడాలమ్మా.”

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటినీ ఆపుకుని తిన్నగా బ్లాకు అధికారి దగ్గరికి పోయాను. ఆయన విని కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

“నలభై డబ్బాలూ ఎద్దులకేనా?”

“ఇప్పటికి నూట అరవై సార్. నెలనెలా ఇచ్చాను. మొన్న ఇంకో విడత కూడా.”

“ముఖవర్చస్సు అని నేను సంతకం పెట్టి ఉండానే. ఇప్పుడు నా మొగం యాడ పెట్టుకోవల్ల?” కాసేపు ఆలోచించి గొంతు తగ్గించాడు. “ఎల్లుండి ఒక్కపూట అందర్నీ మొగాలకు పూసుకోని రమ్మని చెప్పు. ఒక్కపూటే కదమ్మా. ఆమె చూస్తాది, పోతాది.”

నేను ఉపదేశి కూతుర్ని. అబద్ధమాడితే నాలుక మండుతుందని నమ్మి పెరిగినదాన్ని. అయినా ఒప్పుకున్నాను. నా గది తాళంచెవి, మేనత్త అట్టిపెట్టిన తరగతి, రెండూ కళ్ళ ముందు ఆడాయి. ఆడవాళ్ళను అడిగితే ఒక్కరు కూడా కాదనలేదు. “నీకోసరం కదా, పూసుకుంటాంలే,” అన్నారు. ఆ మాటకు నాకు ఇంకా సిగ్గనిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. మార్చి నెల, పది గంటలకే నేల కాలుతోంది. నలభై మందీ ముఖాలకు మందంగా పూసుకుని, గని మీదుగా నడిచి వచ్చారు. గనిలో బండ కొడితే లేచే దుమ్ము సంగతి నేను మరిచిపోయాను. ఆ దుమ్మంతా ఆముదానికి అతుక్కుంది. బడి ముందు వేపచెట్టు నీడలో వరసగా కూర్చునేసరికి అందరి ముఖాలూ ఒకే బూడిద రంగు. ఎవరు ఎవరో నాకే తెలియలేదు. కళ్ళు మాత్రం తెల్లగా మిలమిలలాడుతున్నాయి.

ఇన్స్పెక్టరమ్మ జీపు దిగింది. గుంటూరు వైపు మనిషి, నడివయసు, కళ్ళజోడు, చేతిలో గొడుగు. వెంట రసాయనం సారు. ఆమె వాళ్ళను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది.

“వీళ్ళ ముఖాలకేమైంది?” అంది.

“ప్రగతి మేడం,” అన్నాడు బ్లాకు అధికారి.

ఆమె ఆయన్ని ఒకసారి చూసి, బల్ల ముందు కూర్చుంది. నా నివేదిక బల్ల మీద పెట్టింది. పక్కనే పెట్టిన డబ్బా మూత తీసి వాసన చూసింది. ఆ చెట్టుకు అవతల బండ్లు విప్పి ఉన్నాయి, ఎద్దులు నిలబడి ఉన్నాయి. మూత తెరుచుకోగానే వాటిలో ఒకటి తల ఎత్తింది. ఎర్రెద్దు. పలుపు సరిగ్గా కట్టినట్టు లేదు. తీరిగ్గా నడుచుకుంటూ ఆడవాళ్ళ మధ్య నుంచి వచ్చింది. వాళ్ళు కూడా అలవాటుగా జరిగి దారి ఇచ్చారు. బల్ల ముందుకొచ్చి నిలబడి, తల వంచి, ఇన్స్పెక్టరమ్మ చేతికి అందేట్టు మెడ పక్కకు తిప్పి పెట్టింది. కళ్ళు సగం మూసుకుంది.

“ఇదేమిటి?” అంది ఆమె.

“ఎద్దు మేడం,” అన్నాడు బ్లాకు అధికారి.

“ఎద్దని తెలుస్తోందండీ. నా దగ్గరికెందుకు వచ్చింది?”

ఎర్రెద్దు అక్క ఆగలేకపోయింది. “మందు పూయించుకోను వచ్చిందమ్మా. రోజూ పొద్దుగూకితే పూస్తాం కదా. డబ్బా తెరిస్తే దానికే అనుకునింది.”

ఇక దాచడానికి ఏమీ లేదు, దాచాలన్న కోరిక కూడా ఆ క్షణంలో పోయింది. లేచి నిలబడ్డాను.

“మేడం, నా నివేదిక అబద్ధం. డబ్బాలన్నీ ఎద్దుల మెడలకే పోయాయి. రాసేటప్పుడు నాకు తెలియదు. కానీ ఇవాళ చేసింది తెలిసే చేశాను. ముఖాలకు పూసుకుని రమ్మన్నది నేనే.”

బ్లాకు అధికారి పేరు నేను ఎత్తలేదు. ఆ కృతజ్ఞతతో ఆయన తర్వాత చాలా ఏళ్ళపాటు ఎండాకాలం రాగానే రాజంపేట నుంచి ఒక బుట్ట మామిడిపళ్ళు పంపేవాడు, బనగానపల్లెలో కూర్చున్న నాకు.

ఇన్స్పెక్టరమ్మ కాగితాలు మడిచి లేచింది. “పథకం ఆపేయమని రాస్తాను. నీ విషయం కర్నూలు వెళ్ళాక చెబుతాను,” అని జీపు వైపు నడిచింది. అంతలో ఎర్రెద్దు అక్క పరుగున పోయి ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది.

“తప్పు మాదమ్మా. పూసుకోమని ఆ పిల్ల చెప్పింది, మేమే వినల్యా. ఆయమ్మను పంపియ్యాకండి.”

ఇన్స్పెక్టరమ్మ చేయి వెనక్కి తీసుకోబోయి ఆగింది. కళ్ళజోడు సర్దుకుని కిందికి చూసింది. అక్క కుడి అరచేతిని వేలితో తడిమింది. తర్వాత ఎడమ అరచేతిని తడిమింది. మళ్ళీ కుడి చేతిని.

“నీ దగ్గర పట్టుదారం ఉందా?” అంది నావైపు తిరిగి.

ఆమె మొదట్లో కుట్టుపని టీచరుగా చేసిందని నాకు తర్వాత తెలిసింది. కుట్టుపని పెట్టెలోంచి ఎర్ర దారం తీసి ఇచ్చాను. దాన్ని అక్క కుడి అరచేతి మీద వేసి లాగింది. సులువుగా జారిపోయింది. ఎడమ అరచేతి మీద వేసి లాగింది. రెండో అంగుళంలోనే చిక్కుకుని పీచు లేచింది. ఒకే మనిషి, ఒకే గని, ఒకే పని. కుడి చేతిలో కాయలు కాయలుగానే ఉన్నాయి కానీ పగుళ్ళు పూడిపోయాయి. ఎడమ చేయి ఎండిన చెరువులాగా ఉంది.

రసాయనం సారు గబగబా వచ్చాడు. “ఏమ్మా, ఎద్దుకు ఏ చేత్తో పూస్తావు?”

“కుడి చేత్తోనే సామీ. ఎడం చేత్తో కొమ్ము పట్టుకుంటా. ల్యాకుంటే తలకాయి ఆడిస్తాది.”

ఆయన ముఖం వెలిగిపోయింది. మిగతావాళ్ళను కూడా పిలిచి చేతులు చాపమన్నాడు. నలభై జతల చేతులు. అందరివీ కుడి అరచేతులు నున్నగా, ఎడమవి గరుగ్గా. ఒక్కామెకు మాత్రం ఎడమది నున్నగా, కుడిది గరుగ్గా ఉంది. ఆయన దిగాలు పడి, “నీకెందుకమ్మా ఇట్ల?” అన్నాడు. “నాది ఎడం చెయ్యి వాటం సారూ,” అంది ఆమె. ఆయన గాజుకడ్డీ జేబులోంచి తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. సంతోషం పట్టలేక ఏం చేయాలో తెలియలేదు పాపం. లేబరేటరీలో ఏడాది కూర్చున్నా ఇంత చక్కటి పరీక్ష చేయలేమని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాడు.

ఇన్స్పెక్టరమ్మ మళ్ళీ బల్ల దగ్గరికొచ్చింది. ఎర్రెద్దు ఇంకా మెడ వంచుకునే ఉంది. ఆమె డబ్బాలోంచి కొంచెం తీసి దాని మెడకు రాసింది. అప్పుడుగానీ అది కదల్లేదు. చేతికి మిగిలింది తన రెండు అరచేతుల మధ్య రుద్దుకుంటూ నాతో అంది.

“నలభై మంది రోజూ వాడుతున్నారని రాశావు. వాడుతున్నారు. ముఖమన్న మాట కొట్టేసి చేతులని రాయి. అసలు మొదట నువ్వు అడిగింది చేతులకే కదా? నీ ఉత్తరం నా దగ్గరే ఉంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ శనివారం తెగిన దారాన్ని చూసింది నేను. ఉత్తరం రాసింది నేను. ముఖం అని కాగితం రాగానే నా కళ్ళతో చూసింది మరిచిపోయినదాన్నీ నేనే. పిల్లలూ, ఈ ఒక్క ముక్క కోసమే ఇంత దూరం లాక్కొచ్చాను. మీరు చూసింది ఒకటీ పైనుంచి వచ్చిన కాగితంలో ఉన్నది ఇంకొకటీ అయితే, కాగితానికి దణ్ణం పెట్టండి గానీ చూసింది మరిచిపోకండి.

“ఇంకో మాట,” అంది జీపు ఎక్కుతూ. “ఇవాళ ఈ ముఖాల నాటకం ఆడించావు చూడు, అది ఇంకెప్పుడూ చెయ్యకు. చేయాలనిపిస్తే ముందు ఎద్దును గట్టిగా కట్టించు.”

నన్ను ఉంచారు. మొదట ఒక ఏడాది, ఆ తర్వాత మరో ఏడాది, అలా అలా తెల్లజుట్టు వచ్చేదాకా. మేనత్త ఆ తరగతిని వేరే అమ్మాయికి ఇచ్చింది. డబ్బాల మీద చేతుల పూత అని కొత్త కాగితం అంటించాం. ఇక అందరూ హాయిగా చేతులకు పూసుకుంటారని సంబరపడ్డాను. ఒక్కరు కూడా పూసుకోలేదు. చేతులకు నూనె పూసుకుని పనికి ఎగనామం పెట్టిందని అంటారట. డబ్బాలు మళ్ళీ ఎద్దులకే పోతున్నాయి. ఈసారి నేను ఏమీ అనలేదు, మేడం దగ్గర దాచనూ లేదు.

ఇంకో నెల పోయాక ఒక సాయంత్రం ఎర్రెద్దు అక్క వాకిట్లోకి పోయాను. ఎప్పటిలాగే మెడకు పూస్తోంది. కానీ ఏదో తేడాగా ఉంది. కొమ్ము పట్టుకున్నది కుడి చేయి. పూస్తున్నది ఎడమ చేయి. అరుగు మీద కూర్చున్న అత్త అదే చూస్తోంది.

“ఎడం చేత్తో పూస్తాండావే. ఎద్దంటే దేవునితో సమానం. బుద్ధి ఉండాదా నీకు?” అంది.

“కుడి చెయ్యి నొప్పిగా ఉండాదత్తా,” అని నమ్రతగా చెప్పింది అక్క. అత్త లోపలికి పోయాక నావైపు వంగి, నవ్వు ఆపుకుంటూ, మెల్లగా అంది.

“కుడిదానికి నయమైపాయ కదమ్మా. ఇంగ దీనికి గూడా తగలాల.”

ఊళ్ళో చాలామంది అలాగే చేతులు మార్చారని తర్వాత చూశాను. చలికాలం మళ్ళీ వచ్చింది. ఒక శనివారం బడి అరుగు మీద ఎర్రెద్దు అక్క నా చేతిలోని పట్టుదారం తనే అడిగి తీసుకుంది. రుమాలంత బట్ట మీద ఒక పువ్వు కుట్టింది. ఐదు రేకులు, మధ్యలో చుక్క. దారం ఎక్కడా తెగలేదు. ఆమె ఆ పువ్వును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చాలాసేపు చూసుకుంది. “నీ రవికెకు అతికించుకో అక్కా, బాగుంటుంది,” అన్నాను. తల ఊపింది.

మర్నాడు బండ్లు గనికి పోతున్నాయి. ముందు బండికి ఎర్రెద్దు ఉంది. దాని మెడలో గంట పక్కన ఆ పువ్వు ఉంది.